విత్తన పొట్టేలు సిద్ధమైందా? అల్ట్రాసౌండ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇరవై గొర్రెలున్న మందలో ఒక గొర్రె చూలు కట్టకపోతే కాపరికి ఒక ఈత నష్టం. అదే మందలోని పొట్టేలుకు సత్తువ లేకపోతే ఇరవై ఈతలూ నష్టమే. పైగా ఆ నష్టం వెంటనే బయటపడదు. గొర్రె గర్భధారణ కాలం సుమారు 150 రోజులు. పొట్టేలు గొర్రెలను దాటుతూనే ఉంటుంది, కాపరి ఈతల కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. లోపం ఎక్కడుందో తెలిసేసరికి అయిదు నెలల కాలం, ఆ కాలపు మేత ఖర్చు, సంతలో అమ్ముకోవలసిన పిల్లల సొమ్ము చేజారిపోతాయి.

ఈ ముప్పును ముందుగానే పసిగట్టేందుకు పశువైద్య శాస్త్రం ఉపయోగిస్తున్న సాధనాల్లో అల్ట్రాసౌండ్ ఒకటి. గొర్రెల్లో చూలు నిర్ధారణకు ఈ పరీక్షను అనేక దేశాల్లో దశాబ్దాలుగా వాడుతున్నారు. అదే యంత్రంతో పొట్టేలు వృషణాలను కూడా పరీక్షించవచ్చు. పొట్టేలు పిల్ల యుక్తదశకు ఎంత దగ్గరగా ఉంది, వృషణ కణజాలం సక్రమంగా పెరుగుతోందా, బయటికి కనబడని జబ్బు ఏదైనా ఉందా అన్న ప్రశ్నలకు కోత, గాయం లేకుండా కొంత సమాధానం లభిస్తుంది. ఆ సమాధానానికి ఉన్న హద్దులను కూడా తెలుసుకుంటేనే దానివల్ల ప్రయోజనం.

తెలుగు రాష్ట్రాలకు ఎందుకు ముఖ్యం?

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 7.43 కోట్ల గొర్రెలున్నాయి. వాటిలో తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. మాంసం కోసం పెంచే నెల్లూరు జాతి, మాచర్ల జాతి, కంబళ్లకు ఉన్ని ఇచ్చే దక్కనీ జాతి ఇక్కడి మందల్లో ప్రధానమైనవి.

తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున కేటాయించారు. ఈ నిష్పత్తిని గమనిస్తే పొట్టేలు విలువ అర్థమవుతుంది. మందలో అది ఇరవై ఒకటో వంతు మాత్రమే. పుట్టే ప్రతి పిల్లలోనూ సగం వారసత్వం మాత్రం దానిదే. గొర్రెను ఎంచుకోవడంలో జరిగిన పొరపాటు ఒక ఈతతో సరిపోతుంది. పొట్టేలు ఎంపికలో జరిగిన పొరపాటు మంద మొత్తానికీ, తర్వాతి తరానికీ పాకుతుంది.

దాటడం వేరు, చూలు కట్టించడం వేరు

పొట్టేలు వయసుకు వచ్చిందని చెప్పడానికి కాపరులు సాధారణంగా కొన్ని గుర్తులు చూస్తారు. ఎదకు వచ్చిన గొర్రె వెంట తిరగడం, మూత్రం వాసన చూసి పైపెదవి ఎత్తడం, ముందుకాలితో తట్టడం, ఎక్కే ప్రయత్నం చేయడం వాటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ టెస్టోస్టిరాన్ హార్మోన్ ప్రభావం మొదలైందనడానికి నిదర్శనాలు. అయితే ఇవి శుక్రకణాలు తయారయ్యాయనడానికి నిదర్శనాలు కావు. పొట్టేలు పిల్లలు శుక్రకణాలు ఇంకా ఏర్పడని వయసులోనే ఆటగా ఒకదానిపై ఒకటి ఎక్కుతుంటాయి. మరోవైపు చురుగ్గా దాటే పెద్ద పొట్టేలుకు కూడా వృషణ వ్యాధి వల్ల వీర్యం పనికిరాకుండా పోయి ఉండవచ్చు.

ఇక్కడ రెండు దశలను వేరుగా చూడాలి. వీర్యంలో తొలిసారిగా తగినన్ని కదిలే శుక్రకణాలు కనిపించే దశను యుక్తదశ అంటారు. కోడెదూడల కోసం రూపొందించిన ఒక ప్రమాణం ప్రకారం ఒకసారి స్ఖలించిన వీర్యంలో కనీసం 5 కోట్ల శుక్రకణాలుండి, వాటిలో కనీసం 10 శాతం ముందుకు కదులుతుంటే ఆ దూడ యుక్తదశకు చేరినట్లు. పొట్టేళ్ల పరిశోధనల్లోనూ ఈ కొలమానాన్ని అరువు తెచ్చుకున్నారు. పూర్తి లైంగిక పరిపక్వత దీని తర్వాతి దశ. ఒక మంద భారాన్ని మోయగలిగినంత వీర్యం, నాణ్యత, కోరిక, శరీర బలం కలిసి వచ్చినప్పుడే పొట్టేలు పరిపక్వమైనట్లు లెక్క. యుక్తదశకు, పరిపక్వతకు మధ్య కొన్ని నెలల ఎడం ఉంటుంది. తొలి గుర్తులు కనిపించగానే పొట్టేలు పిల్లకు మంద మొత్తం అప్పగించడం వల్ల వచ్చే నష్టం ఈ ఎడంలోనే ఉంది.

వయసును బట్టి మాత్రమే తేల్చడం కూడా కుదరదు. యుక్తదశ జాతిని బట్టి, పుట్టిన కాలాన్ని బట్టి, అన్నిటికంటే ఎక్కువగా మేతను బట్టి మారుతుంది. ఒకే వారంలో పుట్టిన రెండు పిల్లల్లో తల్లిపాలు దండిగా తాగినది ముందుగా, కవలగా పుట్టి పాలు చాలనిది ఆలస్యంగా యుక్తదశకు వస్తాయి. అందుకే వయసు కంటే శరీర బరువు, బరువు కంటే వృషణాల పరిమాణం నమ్మదగిన సూచికలని పశువైద్యులు భావిస్తారు.

వృషణం లోపల జరిగే మార్పు

అల్ట్రాసౌండ్ చిత్రం అర్థం కావాలంటే ముందుగా వృషణం నిర్మాణం తెలియాలి. వృషణం నిండా సన్నని శుక్రోత్పాదక నాళికలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. పుట్టినప్పుడు వీటికి బోలు ఉండదు. గట్టి దారాల్లా ఉండే ఈ నిర్మాణాల్లో బీజకణాలు, వాటికి ఆసరాగా ఉండే సెర్టోలి కణాలకు పూర్వరూపాలు మాత్రమే కనిపిస్తాయి.

పుట్టిన తొలి వారాల్లో మెదడు కింద ఉండే పీయూష గ్రంథి నుంచి హార్మోన్ల సంకేతాలు పెరుగుతాయి. సెర్టోలి కణాల సంఖ్య ప్రధానంగా యుక్తదశకు ముందే స్థిరపడుతుంది. ఒక్కో సెర్టోలి కణం పరిమితమైన సంఖ్యలోనే శుక్రకణాలను పోషించగలదు. కాబట్టి చిన్నతనంలో ఆకలితో పెరిగిన పిల్లకు ఆ తర్వాత ఎంత దాణా పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరకపోవచ్చు. మంచి విత్తన పొట్టేలు తయారీ తల్లి పొదుగు దగ్గరే మొదలవుతుందని దీన్ని బట్టి చెప్పవచ్చు.

ఆ తర్వాత వృషణం వేగంగా పెరిగే దశ వస్తుంది. నాళికలు లావెక్కుతాయి. మధ్యలో బోలు ఏర్పడి ద్రవం చేరుతుంది. కణ విభజన దశలు దాటి చివరకు తోకగల శుక్రకణాలు తయారవుతాయి. పొట్టేలులో మూలకణం నుంచి శుక్రకణం తయారయ్యేందుకు సుమారు 49 రోజులు పడుతుంది. అక్కడి నుంచి శుక్రకణాలు ఎపిడిడిమిస్ అనే మెలికల గొట్టంలోకి చేరి, మరో 10 నుంచి 14 రోజుల ప్రయాణంలో కదలికనూ ఫలదీకరణ శక్తినీ సంపాదించుకుంటాయి. మొత్తం కలిపితే దాదాపు రెండు నెలలు. ఇదే కాలంలో టెస్టోస్టిరాన్ ప్రభావంతో శిశ్నానికీ దాన్ని కప్పి ఉంచే తొడుగుకూ మధ్య పుట్టుకతో ఉన్న అతుకు క్రమంగా విడిపోతుంది.

శబ్దంతో గీసిన బొమ్మ

మనిషి చెవికి అందని శబ్ద తరంగాలను అల్ట్రాసౌండ్ యంత్రం ప్రోబ్ ద్వారా శరీరంలోకి పంపుతుంది. కణజాలాల నుంచి తిరిగి వచ్చిన ప్రతిధ్వనులతో తెరపై నలుపు తెలుపుల చిత్రం ఏర్పడుతుంది. ద్రవంలో ప్రతిధ్వని పుట్టదు కాబట్టి అది నల్లగా కనిపిస్తుంది. నారపోగులు, సున్నం పేరుకున్న చోట్లు తెల్లగా మెరుస్తాయి. వృషణ కణజాలం ఈ రెంటికీ మధ్య బూడిద రంగులో ఉంటుంది.

ఆరోగ్యవంతమైన పెద్ద పొట్టేలు వృషణం తెరపై నున్నగా, ఒకే తీరు బూడిద రంగులో కనిపిస్తుంది. మధ్యలో నిలువునా ఒక తెల్లని గీత ఉంటుంది. అది నాళికలన్నీ కలిసే మధ్యభాగం. ప్రోబ్‌ను అడ్డంగా తిప్పితే అదే గీత తెల్లని చుక్కగా కనిపిస్తుంది. వృషణం అడుగున ఉండే ఎపిడిడిమిస్ తోకభాగం వృషణం కంటే ముదురుగా, గరుకుగా కనిపిస్తుంది. పైభాగంలో మెలికలు తిరిగిన రక్తనాళాల గుత్తి తేనెపట్టు గదుల్లా నల్లని చుక్కలతో ఉంటుంది.

చిన్న పిల్లలో చిత్రం సాధారణంగా వేరుగా ఉంటుంది. వృషణం చిన్నగా, ముదురు రంగులో కనిపిస్తుంది. మధ్య గీత స్పష్టంగా ఉండదు. నాళికలు పెరిగి, వాటిలో కణాలు కిక్కిరిసి, ద్రవం చేరే కొద్దీ చిత్రం ఛాయ, గరుకుదనం మారుతూ వస్తాయి. కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో కోడెదూడలనూ పొట్టేలు పిల్లలనూ పెరిగే వయసులో పదేపదే అల్ట్రాసౌండ్‌తో పరీక్షించి, తెరపై కనిపించే ఈ మార్పులకు లైంగిక వికాసంతో ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేశారు. ఆ తర్వాత ఇతర దేశాల్లోనూ వేర్వేరు జాతులపై ఇటువంటి పరిశీలనలు జరిగాయి.

కంటితో చూసి చెప్పే ఛాయ మనిషిని బట్టి మారుతుంది. అందుకే పరిశోధకులు కంప్యూటర్ సహాయం తీసుకుంటారు. చిత్రంలోని ప్రతి బిందువుకూ 0 నుంచి 255 వరకు విలువ ఉంటుంది. 0 అంటే నిండు నలుపు, 255 అంటే తెల్లని తెలుపు. వృషణంలో ఎంచుకున్న భాగంలోని బిందువుల సగటు విలువ కణజాల సాంద్రతకు ఒక సూచిక. ఆ విలువల మధ్య తేడా ఎంత ఉందన్నది కణజాలం ఎంత సమంగా ఉందో చెబుతుంది. ఒకే పిల్లను కొన్ని వారాల ఎడంతో పరీక్షించి ఈ అంకెలను పోల్చితే పెరుగుదల దిశ తెలుస్తుంది.

పరీక్ష ఎలా చేస్తారు?

పొట్టేలును నిలబెట్టి ఒకరు పట్టుకుంటే సరిపోతుంది. సాధారణంగా మత్తుమందు అవసరం ఉండదు. వైద్యుడు వృషణాలను సంచి అడుగుకు మెల్లగా జార్చి, చర్మంపై జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య గాలి ఉంటే చిత్రం రాదు. కాబట్టి వెంట్రుకలు ఒత్తుగా ఉన్నచోట కత్తిరించాలి. నెల్లూరు జాతికి ఉన్ని లేకపోవడం వల్ల ఈ పని సులువు. దక్కనీ వంటి ఉన్ని జాతుల్లో కొంత శ్రమ తప్పదు.

వృషణం చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి 5 నుంచి 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్ సరిపోతుంది. ఈ సంఖ్య పెరిగే కొద్దీ చిత్రంలో వివరం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. ఆవులు, గేదెల గర్భకోశ పరీక్షకు పశువైద్యులు వాడే ప్రోబ్ చాలావరకు ఈ పరిధిలోనిదే. అందువల్ల పశువుల కోసం అల్ట్రాసౌండ్ యంత్రం ఉన్న ఆసుపత్రిలో పొట్టేలు పరీక్షకు కొత్త యంత్రం కొనాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

మొదట ప్రతి వృషణాన్ని నిలువుగా, అడ్డంగా చూసి పొడవు, వెడల్పు, మందం కొలుస్తారు. ఈ మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణిస్తే ఘనపరిమాణం సుమారుగా తెలుస్తుంది. గుడ్డు ఆకారపు వస్తువులకు వాడే లెక్క ఇది. ఉదాహరణకు 8 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న వృషణం ఘనపరిమాణం 104 ఘన సెంటీమీటర్లు. కుడి ఎడమల మధ్య పెద్ద తేడా ఉంటే కారణం వెతకాలి.

డాప్లర్ సదుపాయం ఉన్న యంత్రమైతే వృషణ ధమనిలో రక్తప్రవాహాన్ని కూడా చూడవచ్చు. గుండె కొట్టుకున్నప్పుడు రక్తం గరిష్ఠ వేగానికీ, రెండు దెబ్బల మధ్య కనిష్ఠ వేగానికీ ఉన్న తేడాను గరిష్ఠ వేగంతో భాగిస్తే నిరోధ సూచిక వస్తుంది. ఈ సూచిక తక్కువగా ఉంటే కణజాలానికి రక్తం సాఫీగా అందుతోందని అర్థం. ఎదిగే వృషణానికి రక్త సరఫరా కీలకం కనుక ఈ కొలత కూడా పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది.

ఎక్స్‌రేలో ఉండే తరహా వికిరణం అల్ట్రాసౌండ్‌లో ఉండదు. వృషణం నుంచి ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే కణజాలం గురించి మరింత కచ్చితంగా తెలుస్తుంది. కాని ఆ గాయం వల్ల రక్తస్రావం, వాపు వచ్చే ప్రమాదం ఉంది. విత్తనానికి దాచుకున్న పొట్టేలు విషయంలో అది కోరి తెచ్చుకునే చిక్కు.

చేతికి దొరకనివి తెరపై దొరుకుతాయి

యుక్తదశ అంచనా కంటే కూడా లోపాలను పట్టుకోవడంలో అల్ట్రాసౌండ్ ఎక్కువ నమ్మకంగా పనిచేస్తుంది. వృషణంలో అక్కడక్కడా సున్నం పేరుకుంటే తెల్లని చుక్కలు, వాటి వెనుక నల్లని నీడ కనిపిస్తాయి. వృషణం చుట్టూ నీరు చేరితే నల్లని పట్టీలా కనిపిస్తుంది. రక్తనాళాల గుత్తి ఉబ్బినా, కడుపులోంచి కిందికి దిగని వృషణం గజ్జల్లో ఆగిపోయినా కొంతవరకు గుర్తించవచ్చు. వృషణం దిగని లోపం వారసత్వంగా వచ్చే అవకాశం ఉండటం వల్ల అటువంటి పొట్టేలును విత్తనానికి ఉంచకూడదు.

ఎపిడిడిమిస్ వాపు పొట్టేళ్ల వంధ్యత్వానికి ప్రధాన కారణాల్లో ఒకటి. ముదిరిన దశలో తోకభాగం గట్టిపడి చేతికే తెలుస్తుంది. తొలిదశలో తెరపై కనిపించే అసమానతే ఆధారం. అనేక దేశాల్లో బ్రూసెల్లా ఓవిస్ అనే సూక్ష్మజీవి దీనికి కారణమవుతోంది. ఇతర బ్యాక్టీరియాల వల్ల కూడా వాపు రావచ్చు. ఏ సూక్ష్మజీవి వల్ల వచ్చిందో చిత్రం చెప్పలేదు. దానికి రక్తపరీక్ష, వీర్యపరీక్ష అవసరం. బ్రూసెల్లా జాతిలోని మెలిటెన్సిస్ రకం గొర్రెలు, మేకల నుంచి మనుషులకు సోకుతుంది. కాబట్టి వాపు ఉన్న జంతువును తాకేటప్పుడు, ఈసుకుపోయిన గొర్రెలను శుభ్రం చేసేటప్పుడు చేతి తొడుగులు ధరించడం తప్పనిసరి.

చిత్రానికి ఉన్న హద్దులు

అల్ట్రాసౌండ్ శుక్రకణాలను చూపదు. అవి ఎన్ని ఉన్నాయో, కదులుతున్నాయో లేదో, వాటి తల తోకల ఆకారం సరిగా ఉందో లేదో తెర మీద తెలియదు. నాళికలు పక్వానికి వచ్చిన తీరును బట్టి శుక్రకణాలు తయారవుతుండవచ్చని అంచనా వేయడమే సాధ్యం. నిర్ధారణకు వీర్యాన్ని సేకరించి సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. పెద్ద పొట్టేలు ఒకసారి ఇచ్చే వీర్యం సుమారు ఒక మిల్లీలీటరే అయినా అందులో వందల కోట్ల శుక్రకణాలుంటాయి. ఆ చిక్కదనం లోపిస్తే తెరపై ఎంత చక్కని చిత్రం కనిపించినా పొట్టేలును మందలో వదలడం సరికాదు.

రెండో హద్దు యంత్రానికి సంబంధించినది. తెర వెలుగును పెంచే మీట కాస్త తిప్పితే చాలు, అదే వృషణం మరింత తెల్లగా కనిపిస్తుంది. ప్రోబ్‌ను నొక్కిన ఒత్తిడి, జెల్ పరిమాణం, లోతు అమరిక కూడా అంకెలను మారుస్తాయి. అందువల్ల ఒక యంత్రంపై వచ్చిన విలువను మరో యంత్రంపై వచ్చిన విలువతో పోల్చకూడదు. ఒకే యంత్రం, ఒకే అమరిక, వీలైతే ఒకే వైద్యుడు ఉన్నప్పుడే వారాల వ్యవధిలో వచ్చిన మార్పుకు అర్థం ఉంటుంది.

మూడోది జాతి. విదేశీ మార్గదర్శకాల్లో పెద్ద పొట్టేలు వృషణాల సంచి చుట్టుకొలత 33 సెంటీమీటర్లు, ఏడాదిలోపు పొట్టేలు పిల్లకు 30 సెంటీమీటర్లు కనీసం ఉండాలన్న కొలతలు కనిపిస్తాయి. అవి భారీ శరీరం గల పాశ్చాత్య జాతుల కోసం నిర్దేశించినవి. వాటిని యథాతథంగా ఇక్కడి పొట్టేళ్లకు వర్తింపజేస్తే మంచి పొట్టేళ్లను కూడా తిరస్కరించాల్సి వస్తుంది. ఒకే మందలో, ఒకే వయసులో ఉన్న పిల్లలను ఒకదానితో ఒకటి పోల్చడం ఇంతకంటే మేలైన పద్ధతి.

నాలుగోది కాలం. శరీర ఉష్ణోగ్రత కంటే వృషణాలు 4 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంటేనే శుక్రకణాలు సక్రమంగా తయారవుతాయి. మండు వేసవి ఎండ, నీలినాలుక వ్యాధి వంటివాటివల్ల వచ్చే తీవ్ర జ్వరం ఈ ఏర్పాటును దెబ్బతీస్తాయి. జ్వరం తగ్గి పొట్టేలు మామూలుగా మేస్తున్నా ఆ తర్వాత కొన్ని వారాలపాటు వీర్యం నాణ్యత తక్కువగా ఉండవచ్చు. తిరిగి కోలుకునేందుకు శుక్రకణ తయారీకి పట్టే రెండు నెలల వ్యవధి ఇవ్వాలి. కాబట్టి ఒక రోజు తీసిన చిత్రం ఆ రోజు స్థితినే తెలుపుతుంది.

సంతకు పోయే ముందే నిర్ణయం

తెలుగు రాష్ట్రాల మందల్లో పొట్టేలు పిల్ల అంటే ముందుగా మాంసం సరుకు. కొన్ని నెలల వయసుకే, చాలాసార్లు యుక్తదశకు రాకముందే పిల్లలను అమ్మేస్తారు. సంతలో బాగా పెరిగిన పిల్లకే మంచి ధర పలుకుతుంది. అప్పు తీర్చాల్సిన కాపరి సహజంగానే దాన్నే ముందు అమ్ముతాడు. మిగిలిన బక్క పిల్లల్లో ఒకటి మందకు పొట్టేలవుతుంది. ఏటేటా ఇదే జరిగితే వేగంగా పెరిగే గుణం మంద నుంచి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. ఇక్కడే సకాలంలో చేసే పరీక్షకు అసలు విలువ ఉంది.

పిల్లలను అమ్మకానికి వేరుచేసే ముందు మందలోని పది పదిహేను పొట్టేలు పిల్లలను ఒకే రోజు పరీక్షించి, బరువు, చుట్టుకొలత, అల్ట్రాసౌండ్ కొలతలు నమోదు చేస్తే ముందంజలో ఉన్న రెండు మూడింటిని గుర్తించవచ్చు. వాటిని అమ్మకుండా ఉంచి, కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షించి, చివరిగా వీర్యపరీక్ష చేయించి ఒకదాన్ని ఎంచుకోవచ్చు. పశువైద్య విశ్వవిద్యాలయాల పరిశోధన క్షేత్రాలు, ప్రభుత్వ గొర్రెల ఫారాలు, కాపరుల సహకార సంఘాలు కలిసి పూనుకుంటే ఈ పని ఊరి స్థాయిలో సాధ్యమవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం మరువకూడదు. ఎంచుకున్న పొట్టేలును సొంత తల్లి, అక్కచెల్లెళ్లు ఉన్న మందలోనే వదిలితే రక్తసంబంధ సంకరం వల్ల వచ్చే నష్టం ఎంపిక వల్ల వచ్చే లాభాన్ని తినేస్తుంది. పక్క ఊరి మందతో పొట్టేళ్లను మార్చుకోవడం దీనికి తేలికైన మార్గం.

యంత్రం, చట్టం

పోర్టబుల్ యంత్రం కొని ఊరూరా పరీక్షలు చేద్దామన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. మనదేశంలో దీనికి చట్టపరమైన పరిమితి ఉంది. గర్భస్థ పిండ లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం, మనుషుల్లో పిండం లింగాన్ని గుర్తించగల యంత్రాలను ఆ చట్టం కింద నమోదు కానివారికి అమ్మడాన్ని నిషేధిస్తోంది. ఆడశిశువుల రక్షణకు తెచ్చిన నిబంధన ఇది. పశువుల పరీక్షకు వాడే యంత్రం కూడా అదే సాంకేతికతతో పనిచేస్తుంది. కాబట్టి యంత్రం కొనదలచిన పశువైద్యులు, సంఘాలు ముందుగా జిల్లాలోని సంబంధిత అధికారులను సంప్రదించడం తప్పనిసరి. కాపరి నేరుగా యంత్రం కొనుక్కోవడం సరైన దారి కాదు. ఉన్న పశువైద్యశాలల యంత్రాలను పొట్టేళ్ల పరీక్షకూ వినియోగించమని కోరడమే ఆచరణీయమైన దారి.

యంత్రం లేనిచోట

అల్ట్రాసౌండ్ అందుబాటులో లేని ఊళ్లలోనూ కాపరి చేయగలిగింది చాలానే ఉంది. గొర్రెలతో కలపడానికి రెండు నెలల ముందే పొట్టేలును పరీక్షించాలి. వృషణాలు రెండూ ఉన్నాయా, సమానంగా ఉన్నాయా, బిగువుగా, సాగే గుణంతో ఉన్నాయా అని చేత్తో తడిమి చూడాలి. మెత్తబడినా, రాయిలా గట్టిపడినా, గడ్డలు తగిలినా అనుమానించాలి. సంచి బాగా వెడల్పుగా ఉన్నచోట టేపుతో చుట్టుకొలత తీసి రాసుకోవాలి. కళ్లు, పళ్లు, గిట్టలు, నడక చూడాలి. కుంటే పొట్టేలుకు వీర్యం మంచిదైనా గొర్రెను దాటలేదు.

కలిపిన తర్వాత మరో చవకైన ఉపాయం ఉంది. పొట్టేలు రొమ్ముకు రంగు పూస్తే అది దాటిన గొర్రె నడుముపై మరక పడుతుంది. గొర్రె సాధారణంగా 17 రోజులకోసారి ఎదకు వస్తుంది. కాబట్టి 17 రోజుల తర్వాత రంగు మార్చి చూడాలి. మొదటి రంగు అంటిన గొర్రెల్లో ఒకటి రెండింటికి మాత్రమే కొత్త రంగు అంటితే మిగిలినవి చూలు కట్టాయని ఆశించవచ్చు. అన్నిటికీ మళ్లీ కొత్త రంగు అంటితే లోపం పొట్టేలులోనే ఉందని అనుమానించి వెంటనే మరో పొట్టేలును తేవాలి. అయిదు నెలలకు తెలిసే సంగతి ఇలా అయిదు వారాల్లోనే తెలుస్తుంది.

ఈ పరీక్షలు ఒకదానికొకటి పోటీ కావు. చేతి స్పర్శ అనుమానాన్ని కలిగిస్తుంది, టేపు దాన్ని కొలుస్తుంది, అల్ట్రాసౌండ్ లోపలి కణజాలాన్ని చూపుతుంది, వీర్యపరీక్ష నిర్ధారిస్తుంది, గొర్రె నడుముపై రంగు చివరి సాక్ష్యం చెబుతుంది. వీటిలో ఎన్ని అందుబాటులో ఉంటే అన్నిటినీ వాడుకోవచ్చు. ఏ ఒక్కటీ చేయించకుండా కొమ్ములు, ఎత్తు చూసి మాత్రమే పొట్టేలుకు మందను అప్పగిస్తే, ఆ ఎంపిక సరైనదో కాదో ఈతల కాలం వచ్చేదాకా కాపరికి తెలియదు.